ఆటల యంత్రమునకు కాపు లేని ఏడు

నూజివీడు మామిడి సీమలో, రెడ్డిగూడెం పరిసరములందు తోట గల రైతు నెవరినైనను అడిగి చూడుడు. ఒక ఏడు కొమ్మలు వంగునంతగా కాచిన చెట్టు మరుసటి ఏడు పూయక ఊరకుండుట అతనికి క్రొత్త సంగతి కాదు. కాయలను మోసిన కొమ్మలోని పిండిపదార్థము ఖర్చైపోవును. క్రొత్త చిగురు సకాలమున రాదు. ముదిరిన చిగురు లేనిదే పూత లేదు.

టెలివిజనుకు తగిలించి ఆడుకొను గేమ్ కన్సోలుకు గూడ ఇట్టి ఏడు వచ్చుట కలదు. తెచ్చిన దినమున ఇల్లంతయు సందడి. ఆ పిమ్మట నెలల తరబడి క్రొత్త ఆట రాదు. మామిడి డబ్బుతో దానిని కొనియిచ్చిన తండ్రి, "ఇంత పోసి కొన్నది ఈ రెండు ఆటలకేనా?" అని అడిగినచో తప్పు పట్టలేము.

జపాను దేశపు నింటెండో సంస్థ 'వీ యూ' అను యంత్రమును 2012 నవంబరులో అమెరికాలోను, డిసెంబరులో స్వదేశమునను విడుదల చేసినది. ఆ డిసెంబరు ముగియులోపల 30 లక్షలకు పైగా పోయినవి. తరువాతి మూడు నెలలలో పోయినవి సుమారు 3,90,000. ఆపై మూడు నెలలలో 1,60,000 మాత్రమే! ఆరంభపు నెలలలో రావలసిన 'పిక్మిన్ 3' అను ఆట 2013 జూలైకి గాని రాలేదు.

ఎందుచేత? పాత యంత్రమైన 'వీ' చూపు బొమ్మలో అడ్డముగా 640, నిలువుగా 480, వెరసి 3,07,200 చుక్కలుండెడివి. క్రొత్త దానిలో 1920, 1080 లెక్కన 20,73,600 వరకు ఉండవచ్చును. అనగా ఇంచుమించు ఏడింతలు. చుక్కలను లెక్కగట్టునది యంత్రమే. కాని వానిలో కనబడవలసిన దానిని గీయవలసినది మనిషి. మునుపు మసకగా ఒక రంగు పూసి సరిపెట్టిన గోడకు ఇప్పుడు ఇటుక ఇటుకయు తీర్చవలెను. ఈ పనికి మునుపటి కంటె రెట్టింపు మంది కావలసివచ్చినదని ఆ సంస్థలో ఆటల రూపశిల్పియైన షిగెరు మియమోటో 2013లో ఒప్పుకొనెను.

ఇక బయటి సంస్థలు. వారు చూచునది ఎన్ని ఇండ్లలో యంత్రమున్నదని. కొనువారు చూచునది ఎన్ని ఆటలున్నవని. ఒకరి కొరకు ఒకరు కాచుకొని కూర్చుందురు. ఈ యంత్రమునకే ప్రత్యేకమనుకొన్న 'రేమాన్ లెజెండ్స్' అను ఆటను యూబీసాఫ్ట్ సంస్థ 2013 ఫిబ్రవరి నుండి వాయిదా వేసి, ఆ శరత్కాలమున ఇతర యంత్రములకును కలిపి విడుదల చేసినది.

దీనికి ఎదురు ఉదాహరణ మన హైదరాబాదులోనే యున్నది. సోనీ వారి ప్లేస్టేషన్ 2 వచ్చినది 2000లో. అది పది కోట్లకు పైగా అమ్ముడైన తరువాత, 2009లో, హైదరాబాదుకు చెందిన అరోనా టెక్నాలజీస్ 'హనుమాన్: బాయ్ వారియర్' అను ఆటను దానికై తయారు చేసినది. యంత్రము ఇంటింట నున్నచో తొమ్మిదవ ఏట గూడ క్రొత్త కాయ కాయును.

మామిడితో పోలిక ఇంతవరకే. చెట్టు ఒక ఏడు విశ్రమించి మరల కాయును. వీ యూ సుమారు 1 కోటి 35 లక్షల వద్ద ఆగిపోయి, 2017 ఆరంభమున తయారీ నిలిచిపోయినది. ఆ మార్చిలో వచ్చిన 'స్విచ్' విషయమున నింటెండో వారు ఆటలను ఒక్కసారిగా గుమ్మరింపక మార్చి, ఏప్రిల్, జూలై, అక్టోబరులకు పేర్చి పెట్టుకొనిరి. అందులో ఏప్రిల్ నాటి 'మారియో కార్ట్ 8 డీలక్స్' నిజమునకు 2014లో వీ యూ కొమ్మకు కాచిన కాయయే!