పరిగెత్తేది బ్యాటన్

2021 ఆగస్టు 22. నైరోబీలో ప్రపంచ అండర్-20 అథ్లెటిక్స్ పోటీల చివరి రోజు. పురుషుల 4x100 మీటర్ల రిలేను దక్షిణాఫ్రికా కుర్రాళ్లు 38.51 సెకన్లలో ముగించారు. 2004లో ఇటలీలోని గ్రోసెటోలో అమెరికా జట్టు నెలకొల్పిన 38.66 రికార్డు చెరిగిపోయింది.

ఆ 38.51ని నాలుగుతో భాగించి చూడండి. వంద మీటర్లకు సగటున 9.63 సెకన్లు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఉసేన్ బోల్ట్ వంద మీటర్లు గెలిచిన సమయం కూడా 9.63. ఇరవై ఏళ్లు నిండని ఈ నలుగురూ బోల్ట్‌కు సాటివాళ్లా? కాదు. ఆ జట్టులోని బెంజమిన్ రిచర్డ్‌సన్ అదే పోటీల్లో 10.28 సెకన్లతో వంద మీటర్ల రజతం గెలిచాడు. అంత వేగం ఉన్నవాళ్లు నలుగురు విడివిడిగా పరిగెత్తినా మొత్తం 41.12 అవుతుంది. మరి రెండున్నర సెకన్లకు పైగా ఎలా కలిసొచ్చింది?

వంద మీటర్ల పరుగులో ఎక్కువ సమయం తినేది మొదలే. కదలకుండా ఉన్న శరీరం పూర్తి వేగం అందుకోవడానికి చాలా మీటర్లు పడుతుంది. రిలేలో ఆ కష్టం మొదటివాడిదే. మిగతా ముగ్గురూ అప్పటికే పరుగులో ఉండి, చేతులు మారే బ్యాటన్ అనే చిన్న గొట్టాన్ని అందుకుంటారు. నైరోబీ ఎత్తైన చోటు కాబట్టి పల్చటి గాలి కొంత సాయం చేస్తుంది, నిజమే. కానీ ఆ 10.28 కూడా అక్కడ పరిగెత్తిందే.

బ్యాటన్ మార్చుకోవడానికి 30 మీటర్ల హద్దు ఉంటుంది. 2017 దాకా అది 20 మీటర్లే. అప్పట్లో దానికి ముందున్న 10 మీటర్లలో పరుగు అందుకోవచ్చు గానీ బ్యాటన్ అందుకోకూడదు. ఇప్పుడు రెండూ కలిసిపోయాయి. హద్దు దాటారా లేదా అన్నది తేల్చేది కాళ్లు కాదు, బ్యాటన్ ఉన్న చోటు. అందుకునేవాడి చెయ్యి తగిలినప్పటి నుంచి అతని చేతిలోనే మిగిలేదాకా అది ఆ హద్దులోనే ఉండాలి. లేకుంటే జట్టు మొత్తం అనర్హులే.

అందుకునేవాడు వెనక్కి తిరిగి చూస్తే వేగం తగ్గుతుంది. అందుకే తన లేన్‌లో కొంత వెనగ్గా ఒక టేపు ముక్క అంటించుకుంటాడు. వచ్చేవాడు ఆ టేపు దగ్గరికి రాగానే ఇతను ముందుకు చూస్తూ పూర్తి బలంతో దూకుతాడు. వెనకవాడి కేక వినబడగానే చప్పున చెయ్యి వెనక్కి చాస్తాడు. తొందరపడి బయల్దేరితే, అలసిపోతున్న వెనకవాడు అతన్ని అందుకోలేడు. ఆలస్యం చేస్తే ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడతారు. టేపు ఎక్కడ ఉండాలో పాదం వెంట పాదం పెట్టి కొలుచుకుంటారు. సాధనలో ఒకటి రెండు పాదాలు అటూ ఇటూ జరుపుతూ సరిచూసుకుంటారు.

చేతులకూ ఒక లెక్క ఉంది. మొదటివాడు, మూడోవాడు మలుపులో పరిగెత్తుతారు. కుడిచేత బ్యాటన్ పడితే లేన్ లోపలి గీతను ఆనుకుని పోవచ్చు. రెండోవాడు, నాలుగోవాడు ఎడమచేత అందుకుంటారు. మధ్యలో చెయ్యి మార్చే పని లేదు. చాచిన రెండు చేతుల మధ్య దూరం ఎవరూ పరిగెత్తకుండానే బ్యాటన్‌కు కలిసొస్తుంది.

ఒక్కడి వేగం ఒక్కటే రిలేను గెలిపించదు. 2002లో కింగ్‌స్టన్‌లో జరిగిన ఇవే పోటీల్లో పదిహేనేళ్ల బోల్ట్ 200 మీటర్ల స్వర్ణం గెలిచాడు. అతనున్న జమైకా జట్టుకు 4x100 రిలేలో దక్కింది రజతం. నైరోబీలో ఇది తిరగబడింది. వంద మీటర్ల స్వర్ణం బోట్స్‌వానాకు, 200 మీటర్లది నైజీరియాకు వెళ్లాయి. ఆ రెండింటిలో ఏదీ గెలవని దక్షిణాఫ్రికా రిలేలో రికార్డు రాసింది.

ఈసారి రిలే చూసేటప్పుడు మనుషుల్ని వదిలి బ్యాటన్ మీదే కళ్లు పెట్టండి. ఆ మూడు మార్పుల్లో అది ఏ లేన్‌లో నెమ్మదించిందో గమనించండి. పతకం ఎక్కడ చేజారిందో ఫలితం రాకముందే మీకు తెలిసిపోతుంది.