సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్: యంత్రం చెప్పే ప్రతిపదార్థం, చెప్పలేని తాత్పర్యం

ఒక సాఫ్ట్‌వేర్ ఏ పని చేస్తుందో, దానిని ఎలా వాడాలో, దాని భాగాలు పరస్పరం ఎలా ముడిపడి ఉన్నాయో తెలిపే రచనను డాక్యుమెంటేషన్ అంటారు. ప్రోగ్రాం తరచుగా మారుతుంది, వివరణ మాత్రం రాసిన చోటే నిలిచిపోతుంది. వివరణ లేకపోవడం కంటే కాలం చెల్లిన వివరణ ఉండటమే ఎక్కువ ప్రమాదకరం. చదివినవారు దానిని నమ్ముతారు. ఈ ఎడాన్ని తగ్గించడానికే స్వయంచాలక పద్ధతులు వచ్చాయి.

ప్రోగ్రాంను, వివరణను ఒకే రచనగా భావించాలని గట్టిగా ప్రతిపాదించినవారు డొనాల్డ్ క్నూత్. 1984లో వెలువడిన 'లిటరేట్ ప్రోగ్రామింగ్' వ్యాసంలో ఆయన ప్రోగ్రాంను మనిషి చదువుకునే రచనగా చూశారు. ఆయన రూపొందించిన 'వెబ్' వ్యవస్థలో (నేటి అంతర్జాలానికీ దీనికీ సంబంధం లేదు) రెండూ ఒకే ఫైలులో ఉంటాయి. అందులోంచి 'ట్యాంగిల్' కంప్యూటరుకు కావలసిన పాఠాన్నీ, 'వీవ్' పాఠకునికి కావలసిన పాఠాన్నీ తీసి ఇస్తాయి. ముద్రణరంగంలో ప్రసిద్ధమైన 'టెక్' ఈ పద్ధతిలో రాసినదే.

1996లో జావా భాషతో వచ్చిన 'జావాడాక్' మరింత తేలిక మార్గం పట్టింది. కోడ్‌లో నిర్ణీత గుర్తుల మధ్య రాసిన వ్యాఖ్యలను, ఫంక్షన్ల పేర్లను, అవి స్వీకరించే విలువల రకాలను సేకరించి వెబ్ పేజీలుగా కూర్చుతుంది. కోడ్ మారినప్పుడల్లా పేజీలను మళ్ళీ తయారు చేయించవచ్చు.

ఇక్కడే ఒక భేదాన్ని గుర్తించాలి. కావ్యవ్యాఖ్యానంలో ప్రతిపదార్థం వేరు, తాత్పర్యం వేరు. పేర్లూ రకాలూ ప్రతిపదార్థం వంటివి. యంత్రం వాటిని కోడ్ నుంచే తీసుకుంటుంది కనుక అవి తప్పవు. మనిషి రాసిన వాక్యాన్ని మాత్రం ఉన్నదున్నట్టు అచ్చువేస్తుంది. గ్రంథాలయంలో జరిమానా లెక్కించే ఒక ఫంక్షన్‌ను ఊహించుకుందాం. '15 రోజులు దాటితే రోజుకు ఒక రూపాయి' అని వ్యాఖ్య. తరువాత ఎవరో కోడ్‌లో 15ను 30గా మార్చి, వ్యాఖ్యను మరిచారు. కొత్త పేజీ నేటి తేదీతో వెలువడుతుంది, పాత తప్పుతోనే.

దీనికి 2001లో పైథాన్ 2.1తో వచ్చిన 'డాక్‌టెస్ట్' చక్కని విరుగుడు చూపింది. ఇంతవరకు వచ్చిన ఉపాయాలలో తెలివైనది ఇదేననవచ్చు. వివరణలో '20 రోజులకు జరిమానా 5' అన్న ఉదాహరణను నిర్ణీత రూపంలో రాస్తే, యంత్రం దానిని నడిపి చూస్తుంది. గడువు 30కి మారాక జవాబు 0 వస్తుంది, పరీక్ష విఫలమవుతుంది. ఉదాహరణలకు ఈ రక్షణ ఉంది, చుట్టూ ఉన్న వాక్యాలకు లేదు.

అనువాదంలో ఇంకొక పద్ధతి ఉంది. 'గెట్‌టెక్స్ట్' విధానంలో మూలవాక్యం మారితే పాత అనువాదానికి 'ఫజీ' అనే సందేహచిహ్నం పడుతుంది. అనువాదకుడు సరిచూసేవరకు సాధారణంగా ఆ అనువాదం కనబడదు, మూలమే కనబడుతుంది. తెలుగు పాఠం నడుమ హఠాత్తుగా ఒక ఆంగ్లవాక్యం కనిపించడానికి ఇదొక కారణం. చూపుకు ఇంపుగా లేకున్నా, అది పాఠకుణ్ణి మోసగించదు.

ఇప్పుడు భాషానమూనాలు కోడ్ చదివి వ్యాఖ్యలనే రాస్తున్నాయి. గడువు 30 రోజులని అవి చెప్పగలవు. గడువును ఎందుకు పెంచారో కోడ్‌లో ఉండదు. గ్రంథాలయ సంఘం తీర్మానంలో ఉండవచ్చు. మార్పు చేసినవారు ఆ కారణాన్ని అప్పుడే ఒక వాక్యంలో రాసిపెడితే తప్ప తరువాతి పాఠకునికి అది అందదు.