కొండలు కాపలా కాసే రేవు

భీమడోలు ప్రాంతం వాళ్ళకు కొండ అంటే ద్వారకా తిరుమల కొండే. తక్కినదంతా వరిచేలు, చేపల చెరువులు, దక్షిణాన కొల్లేరు. అలాటి చదునైన సీమనుంచి మొదటిసారి విశాఖపట్నం వెళ్ళినవాడు సముద్రాన్ని చూసి ఎంత ఆశ్చర్యపోతాడో, కొండలను చూసీ అంతే ఆశ్చర్యపోతాడు.

ఈ యాత్రకు ఎక్కువ డబ్బు అక్కరలేదు. పులిహోర పొట్లం కట్టుకుని, మామూలు తరగతి టిక్కెట్టు కొనుక్కుని, రైల్లో ఎడమచేతి కిటికీ దగ్గర కూచోండి. గోదావరి వంతెన దాటి, అన్నవరం సమీపించేసరికి తూర్పు కనుమలు మీకు తోడువస్తాయి.

విశాఖలో పాత ఊరికి వెళ్ళండి. అక్కడ రేవు పక్కనే మూడు చిన్న కొండలున్నవి. ఒకదానిమీద వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదానిమీద దర్గా, ఒకదానిమీద మేరీమాత చర్చి. కాలినడకనే ఎక్కవచ్చు. పైనుంచి చూస్తే రేవు నోరు కనిపిస్తుంది. పెద్ద ఓడలు మీ కాళ్ళకిందనుంచే పోతున్నట్టుంటుంది! ఎదుటి ఒడ్డున సముద్రంలోకి మూతి చాచిన పెద్ద కొండే డాల్ఫిన్స్ నోస్.

రేవుకు కొండ ఎందుకు? మన తీరం చాలాచోట్ల ఇసుకమయం, లోతు తక్కువ. పూర్వం ఓడలు దూరాన ఆగితే, సరుకును పడవలలో ఒడ్డుకు చేర్చేవారు. ఇక్కడ మాత్రం దక్షిణంనుంచి వచ్చే అలలకు ఈ కొండ అడ్డు. దాని వెనక మేఘాద్రి గెడ్డ సముద్రంలో కలిసేచోట బురదనేల వుండేది. ఇంజనీర్లు దానిని తవ్వి రేవు చేశారు. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ మొదటగా లోపలికి వచ్చింది. 1948 మార్చి 14న ఇక్కడే కట్టిన ‘జలఉష’ అనే ఓడను నెహ్రూగారు నీటిలోకి దింపారు.

అయితే ఈ రేవుకు ఒక శత్రువున్నది. అది ఇసుక! ఏడాదిలో చాలాకాలం అలలు ఇసుకను దక్షిణంనుంచి ఉత్తరానికి నెట్టుకుపోతాయి. వదిలేస్తే రేవు నోరు పూడిపోతుంది. అందుకని తొలిరోజుల్లోనే రెండు పాత ఓడలను రాళ్ళతో నింపి, అలలకు అడ్డంగా ముంచేశారు. వాటి చాటున ఇసుక పేరుకుంటే, తవ్వోడతో తోడి ఉత్తరపు ఒడ్డుకు పంపేవారు. అలా పంపకపోతే, ఇసుక అందక ఆ ఒడ్డు కోసుకుపోతుంది. తరువాత రాళ్ళకట్టలతో బయటి రేవు కూడా కట్టారు. అయినా ఇసుక తోడేపని నేటికీ సాగుతూనే వున్నది.

ఇలాటి కొండల రేవే దక్షిణ అమెరికాలో, చిలీ దేశంలో ఒకటున్నది. దానిపేరు వల్పరైసో. అక్కడ చాలా ఇళ్ళు కొండవాలులమీదే! ఎక్కలేక జనం అవస్థపడుతుంటే, 1883లో పట్టాలమీద తాడుతో లాగే పెట్టెబండ్లు పెట్టారు. బావిగిలకకు రెండు చేదలు కట్టినట్టు, ఒకటి దిగుతుంటే రెండవది ఎక్కుతుంది.

మీరొక పని చేయండి. ఇసుక కదిలే పంటబోదెలో ఒక ఇటుకరాయి అడ్డంగా పెట్టి, మర్నాడు చూడండి. ఇటుకచాటున ఇసుక మేట కనబడుతుంది. విశాఖ రేవు కథ అంతా మీ ఊరి బోదెలోనే వున్నది!