పక్కన పెట్టిన ముక్కలు

స్నేహితుల మధ్య సాగే ఆటలో కొన్ని ముక్కలకు చోటు లేదు. ఆ బహిష్కరణ వెనుక ఉన్న న్యాయమేమిటి?

ఖరగ్‌పూర్‌లో నలుగురు కూర్చుని ‘ఇరవై తొమ్మిది’ ఆడదలచుకుంటే, పేక కలపడానికి ముందే ఒక పని పూర్తి కావాలి. 52 ముక్కలలోంచి రెండు మొదలుకొని ఆరు వరకు ఉన్న 20 ముక్కలను ఏరి తీసివేయాలి. మిగిలిన 32 ముక్కలతోనే ఆట. ఎందుకలా అని అడిగితే, ‘‘ఈ ఆట ఇంతే’’ అన్న జవాబే సాధారణంగా వస్తుంది. కాని ఆ చిన్న జవాబు కింద ఒక పెద్ద ప్రశ్న దాగి ఉంది. పందెం లేకుండా, మధ్యవర్తి లేకుండా, కేవలం పొద్దుపుచ్చడానికి ఆడే ఆటలో ఏ ముక్కను తొలగించాలి? తొలగించే అధికారం ఎవరిది?

బెంగాల్ నాగపూర్ రైల్వే వారు పందొమ్మిదవ శతాబ్దం చివర ఖరగ్‌పూర్‌ను జంక్షనుగా తీర్చి, వర్క్‌షాపును నెలకొల్పిన నాటి నుండి విశాఖ, శ్రీకాకుళం, గంజాం సీమల తెలుగువారు అక్కడికి తరలివెళ్ళి తరతరాలుగా స్థిరపడ్డారు. ఇంటి నుండి వెంట తెచ్చుకున్న రమ్మీకి తోడు ఇరుగుపొరుగు బెంగాలీల ఇరవై తొమ్మిది కూడ వారి సొంతమైంది. షిఫ్టు డ్యూటీల ఊరిలో విశ్రాంతి వేళలు తక్కువ. ఆ కొద్ది వేళ వృథా కాకూడదన్న పట్టింపు మాత్రం ఎక్కువ.

ఈ ఆటలో ముక్కల పెద్దరికమే విచిత్రమైనది. అన్నిటికంటె పెద్ద జాకీ. దాని విలువ 3. తరువాతిది తొమ్మిది, దాని విలువ 2. ఆసుకూ, పదికీ ఒక్కొక్కటి. రాజుకూ, రాణికీ, ఎనిమిదికీ, ఏడుకూ విలువ సున్న. జాతికి 7 చొప్పున నాలుగు జాతులకూ కలిపి 28. చివరి పట్టుకు పూర్వం మరొకటి చేర్చేవారు కనుక ఆ పేరు నిలిచిపోయింది. ఎదురెదురుగా కూర్చున్నవారు ఒక జట్టు. మొదట నాలుగేసి ముక్కలు పంచి, వాటిని చూసుకుని పాట పాడతారు. పాట నెగ్గినవాడు తురుపును ఎంచుకుని రహస్యంగా బోర్లించి ఉంచుతాడు. ఆపైన మరి నాలుగేసి పంచి ఆట సాగిస్తారు.

ఇక చిన్న ముక్కలను ఎందుకు తీసివేశారో ఊహించడం కష్టం కాదు. అవి ఉంటే మనిషికి ఎనిమిదికి బదులు పదమూడు ముక్కలు వస్తాయి. వాటిలో చాలా భాగం ఏ విలువా లేని చెత్త. ఎవరి చేతిలో ఏమున్నదో జ్ఞాపకంతోను, ఊహతోను పసిగట్టడమే ఈ ఆటకు ప్రాణం. ముక్కలు పెరిగినకొద్దీ ఆ ప్రాణం పలచబడుతుంది. అయినా తీసివేసిన వాటిలో ఆర్లకు ఒక ఉద్యోగం మిగిలింది. జట్టుకొక ఎర్ర ఆరు, ఒక నల్ల ఆరు దగ్గర ఉంచుకుని, గెలుపును ఎర్రదానిపైన, ఓటమిని నల్లదానిపైన చుక్క చుక్కగా చూపుతారు. ఆటలో చోటు లేని ముక్కే ఆటకు గుమాస్తా!

మరొక నియమం ఇంతకంటె అర్థవంతమైనది. నాలుగు జాకీలూ ఒక్కడి చేతికే వస్తే చాలాచోట్ల ఆ పంపకం చెల్లదు. ముక్కలు కలిపి మళ్ళీ పంచవలసిందే. ఏ విలువా లేని ఎనిమిది ముక్కలు ఒకరికి పడినా అంతే. గమనించండి, జాకీ చెడ్డ ముక్క కాదు. అది వచ్చినవాడు మోసగాడూ కాడు. కాని ఆ చేతితో ఆడితే మిగిలిన ముగ్గురికీ చేయడానికి పెద్దగా ఏమీ మిగలదు. నియమం పుట్టింది ఆ ముగ్గురి కోసమే.

కొన్నుక్కునే పేక

ఇదే ప్రశ్న ఇప్పుడు ప్రపంచమంతటా మరొక రకం పేకముక్కల చుట్టూ తిరుగుతున్నది. బబుల్‌గమ్ పొట్లాలలో క్రికెట్ ఆటగాళ్ళ బొమ్మలు ఏరుకుని, ఒకటికి ఒకటి మార్చుకున్న తరం మనలో ఉన్నది. ఆ బొమ్మలతోనే ఆట కూడ ఆడగలిగితే ఎలా ఉంటుందో ఊహించండి. 1993లో రిచర్డ్ గార్‌ఫీల్డ్ అనే అమెరికన్ గణితశాస్త్రజ్ఞుడు అటువంటి ఆటను ‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’ అన్న పేరుతో రూపొందించాడు. ఇందులో అందరికీ ఉమ్మడి పేక ఉండదు. ఎవరి పేక వారిదే. ముక్కలను మూసిన పొట్లాలలో కొని, మిత్రులతో మార్చుకుని, వేల రకాలలోంచి ఏరి పేర్చుకోవాలి. ప్రతి ముక్క మీదా అది చేయగల పని అచ్చువేసి ఉంటుంది.

వేల రకాల ముక్కలు చేరిన చోట వాటిలో కొన్ని శ్రుతిమించక తప్పదు. 1994 ఆరంభంలోనే పోటీల కోసం నిషిద్ధ ముక్కల పట్టిక వెలువడింది. అయితే పోటీ వేరు, కాలక్షేపం వేరు. పోటీలో బహుమతి ఉంటుంది. గెలవడానికి వచ్చినవాడు ఎంతటి పదునైన పేక తెచ్చినా ఎవరూ తప్పుపట్టరు. కాలక్షేపపు ఆటలలో నేడు ఎంతో ఆదరణ గలది ‘కమాండర్’. దీనికి 100 ముక్కల పేక. అందులో ఒక నాయకుడు. మామూలు నేల ముక్కలు తప్ప ఏ ముక్కా రెండోసారి ఉండరాదు. సాధారణంగా నలుగురు ఆడతారు. ఇది అలాస్కాలో మొలకెత్తగా, షెల్డన్ మెనరీ అనే ఆటల న్యాయనిర్ణేత దేశదేశాలకు వ్యాపింపజేశాడు. ఆయన 2023లో కన్నుమూశాడు. ఏ ముక్క కూడదో చెప్పే పట్టికను ఎన్నో ఏళ్ళపాటు కంపెనీ కాక, ఔత్సాహికుల సంఘం ఒకటి నిర్వహించింది. ఆ పట్టికలోని బహిష్కరణలకు ముఖ్యంగా నాలుగు కారణాలు కనిపిస్తాయి.

పందెం

తొలినాళ్ళ మ్యాజిక్‌లో ఇద్దరూ చెరొక ముక్కను పందెంగా ఒడ్డేవారు. గెలిచినవాడికి రెండూ దక్కేవి. ఆ పందెాన్ని ప్రస్తావించే ముక్కలు తొమ్మిది వచ్చాయి. ‘కాంట్రాక్ట్ ఫ్రమ్ బిలో’ వాటిలో ఒకటి. పందెంలో ఇంకొక ముక్క పెంచితే చేతిలోవి పారవేసి కొత్తగా ఏడు తీసుకోవచ్చు. జూదరి మనస్తత్వమంతా అందులోనే ఉన్నది. ఇప్పుడు ఆ తొమ్మిదింటికీ పోటీలలో గాని, కమాండర్‌లో గాని ప్రవేశం లేదు.

ఈ విషయంలో మన న్యాయస్థానాల అనుభవం పాతది. సికింద్రాబాదు క్లబ్బు ఒకదానికి సంబంధించి, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రానికీ కె. సత్యనారాయణకూ నడిచిన కేసులో సుప్రీంకోర్టు 1967 నవంబరులో తీర్పు చెబుతూ, పడిన ముక్కలను గుర్తుంచుకోవడం, ఉంచుకోవలసిందీ వదలవలసిందీ తేల్చుకోవడం నేర్పుతో కూడిన పనులు కనుక రమ్మీ ప్రధానంగా నేర్పు గల ఆట అన్నది. మూడు ముక్కలాటను కేవలం అదృష్టపు ఆటగా ఎంచింది. పశ్చిమ బెంగాల్‌లోని 1957 నాటి చట్టం కూడ బ్రిడ్జి, పోకరు, రమ్మీ, న్యాప్‌లను జూదం నిర్వచనం నుండి మినహాయించింది. అదే రమ్మీని ఇంటర్నెట్‌లో డబ్బుకు ఆడటాన్ని 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ నిషేధించాయి. 2025లో పార్లమెంటు నేర్పు, అదృష్టం అన్న తేడా లేకుండా, డబ్బు ఒడ్డే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. ముక్కలు అవే, నేర్పు అదే. మారినదల్లా ఓడినవాడు పోగొట్టుకునేది ఎంత అన్న లెక్క.

కాలం

అరేబియన్ నైట్స్ కథలను ఆధారం చేసుకుని 1993లో వెలువడిన ముక్కలలో ‘షెహ్రజాద్’ ఒకటి. కథలో కథ అల్లి ప్రాణం నిలుపుకున్న ఆ ఇల్లాలికి తగినట్టే, ఈ ముక్క పడితే నడుస్తున్న ఆటను ఆపి, దాని కడుపులో మరొక ఆట ఆడాలి! కల్పన రమ్యమైనదే. కాని తెల్లవారే వరకు కూర్చునే ఓపిక సుల్తానుకు ఉన్నట్టు అందరికీ ఉండదు. ముక్కలో దోషం లేకున్నా, కాలాన్ని మింగుతున్నందుకు తొలగించక తప్పలేదు.

2024లో వచ్చిన ఒక పక్షి మాంత్రికుడి పేరు మన లిపిలో రాస్తే ‘నాదు’. పద్యాలలోని ‘నాదు’ గుర్తుకు వస్తే అది పాఠకుల తప్పు కాదు. ఆ ముక్క వేసినవాడు ఒక ఎత్తు నుండి మరొక ఎత్తుకు గొలుసుకట్టుగా సాగుతూ పోతుంటే, తక్కినవారు తమ వంతు కోసం చేతులు కట్టుకుని చూస్తూ ఉండాలి. ఆ ఏడే అదీ బహిష్కృతమైంది.

మర్యాద

2020 జూన్‌లో కంపెనీయే ఏడు పాత ముక్కలను, జాతివివక్షను ధ్వనింపజేస్తున్నవన్న కారణం చూపి, అన్ని పోటీల నుండి తొలగించింది. ‘క్రూసేడ్’, ‘జిహాద్’ వాటిలో ఉన్నాయి. ‘ప్రదేశ్ జిప్సీస్’ అన్నది కూడ ఉన్నది! ఇందులో ముక్కల బలాబలాల ప్రసక్తి లేదు. బల్ల దగ్గర కూర్చున్నవారిలో ఒకరు తలవంచుకోవలసి వచ్చే ముక్క ఎంత బలహీనమైనదైతేనేమి?

వేగం

అన్నిటికంటె చిక్కైనది ఇది. మ్యాజిక్‌లో ఏ ముక్క వేయాలన్నా ‘మానా’ అనే శక్తి కావాలి. అది వంతుకు ఒకటి చొప్పున, ఏటేటా వచ్చే ఇంక్రిమెంటులాగ మెల్లగా పెరగాలని ఏర్పాటు. కొన్ని ముక్కలు మాత్రం మొదటి వంతులోనే శక్తిని కుమ్మరిస్తాయి. ఉద్యోగంలో చేరిన మర్నాడే ఒకడు ఫోర్‌మన్ కుర్చీలో కూర్చున్నట్టు! నలుగురి ఆట అక్కడితో ఒక్కడి ప్రదర్శనగా మారుతుంది. సంఘం 2024 సెప్టెంబరులో నాదుతో పాటు ‘మానా క్రిప్ట్’, ‘జ్యువెల్డ్ లోటస్’, ‘డాక్‌సైడ్ ఎక్స్‌టార్షనిస్ట్’ అనే మూడింటిని తొలగించింది ఈ కారణం మీదనే.

అయితే ఈ ముక్కలలో కొన్ని వంద డాలర్ల ప్రాంతంలోను, అంతకు మించియు ధర పలికేవి. నిషేధం వెలువడగానే ధరలు పడిపోయాయి. ఆటగా కొన్నవారితో పాటు ఆస్తిగా కొన్నవారూ మండిపడ్డారు. నిర్ణయం తప్పని వాదించినవారు కొందరైతే, సంఘ సభ్యులను బెదిరించినవారు మరికొందరు. వారం తిరిగేసరికి, ఇక భద్రంగా ఈ పని చేయలేమని సంఘం పట్టికను కంపెనీకి అప్పగించి తప్పుకున్నది. ఏళ్ళ తరబడి స్నేహపూర్వకంగా నడిచిన వ్యవస్థ ఏడు రోజులలో కూలిపోయింది.

తప్పంతా కోపగించినవారిదే అనడం న్యాయం కాదు. నిన్న డబ్బు పోసి కొన్నది నేడు పనికిరాదంటే ఎవరికి కష్టంగా ఉండదు? పైగా ‘జ్యువెల్డ్ లోటస్’ను 2020లో కంపెనీ అచ్చువేసినదే కమాండర్ ఆట కోసం. ఇక దాదాపు అంతే వేగం గల ‘సోల్ రింగ్’ను సంఘం ముట్టుకోనే లేదు. అది అందరి దగ్గరా ఉన్నది, ఆటకు ఆనవాలుగా మారింది అన్నదే కారణం. తర్కానికి నిలవకపోయినా, ఈ వాదనలో లోకజ్ఞానం ఉన్నది. అందరికీ అందుబాటులో ఉన్న బలం ఎవరినీ అంతగా నొప్పించదు.

ఆటకు ముందు మాట

ఆ తరువాత 2025 ఫిబ్రవరిలో కంపెనీ ఒక కొత్త పద్ధతిని ప్రయోగాత్మకంగా ప్రకటించింది. పేకలను బలాన్ని బట్టి ఐదు మెట్లుగా విభజించి, ఆటను తలకిందులు చేయగల ముక్కలతో ఒక జాబితా కూర్చింది. కింది రెండు మెట్లలో వాటికి చోటు లేదు. మూడవ మెట్టులో మూడు వరకు ఉండవచ్చు. ఆపైన పరిమితి లేదు. మీరు ఏ మెట్టు మీద ఆడదలచుకున్నారో ముందే చెప్పుకోండి అన్నది దీని సారాంశం. కమాండర్ ఆటగాళ్ళు అంతకు ముందు నుండీ ‘సున్నా నియమం’ అని ఒకదాన్ని పాటిస్తున్నారు. కూర్చున్న నలుగురూ మాట్లాడుకుని ఒప్పుకుంటే ఏ నియమాన్నయినా మార్చుకోవచ్చు, ఏ ముక్కనయినా తీసివేయవచ్చు, తీసివేసినదాన్ని తిరిగి చేర్చుకోవచ్చు.

‘నిషేధం’ అన్నది ప్రభుత్వాల మాట. అందులో పోలీసు, శిక్ష, జరిమానా ధ్వనిస్తాయి. మన పేకాటరాయుళ్ళు ఆర్లను నిషేధించామనరు, పక్కన పెట్టామంటారు. పక్కన పెట్టినదానిపై ద్వేషం ఉండదు. అవసరమైతే చేయి చాచి తీసుకోవచ్చు. చట్టం అడిగే ప్రశ్న, ఇది నేర్పా, అదృష్టమా అని. స్నేహితుల బల్ల అడిగే ప్రశ్న వేరు. ఈ ముక్క ఉంటే నాతో కూర్చున్నవారికి ఈ సాయంత్రం మిగులుతుందా? దీనికి సమాధానం ఏ పట్టికలోనూ అచ్చువేసి దొరకదు. ముక్కలు పంచడానికి ముందు, ఎదుటివారి ముఖం చూసి అడిగి తెలుసుకోవలసిందే.