లారీ ఎందుకు స్టార్టు కాలేదు?

అక్కలారా, ఈ పాఠం లారీ గురించి. "మాకెందుకు లారీ ముచ్చట? అది మొగోళ్ల పని" అనకండి. లారీలో ఉన్నది మన వడ్లు. లారీ ఆగితే నష్టం మనకే.

నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీళ్లు వదిలారు. అప్పటి నుంచి మన దిక్కు వరి పెరిగింది. మిర్యాలగూడలో బియ్యం మిల్లులు పెరిగాయి. కోతల రోజుల్లో పెద్దవూర నుంచి హాలియా మీదుగా మిర్యాలగూడ పోయే రోడ్డు చూడండి. అన్నీ వడ్ల బండ్లే. వాటిలో పాత లారీలు కూడా ఉంటాయి.

ఒక అక్క, ఆమె భర్త అలాంటి పాత లారీ మీదనే బతుకుతున్నారు. ఒక యాసంగిలో కళ్లం కాడ రాత్రే బస్తాలు ఎక్కించారు. తెల్లారి చూస్తే మబ్బు పట్టింది. పట్టా చిన్నది. సగం బస్తాలకే వస్తుంది.

ఆయన సెల్ఫ్ కొట్టాడు. ఇంజను గిర్రుగిర్రున తిరిగింది. కానీ స్టార్టు కాలేదు. మళ్లీ కొట్టాడు. మళ్లీ మళ్లీ కొట్టాడు. చివరికి ఆ గిర్రు కూడా సన్నబడింది.

"ఇగ లాభం లేదు. మెకానిక్‌ను పిలవాలె" అన్నాడు.

"ఆగు. డీజిల్ ఎప్పుడు పోసినవ్?" అని అక్క అడిగింది.

ఆ అక్క ఈ మాట ఎందుకు అడిగింది? అది తెలియాలంటే ముందు ఇంజను సంగతి తెలియాలి.

సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగున చెయ్యి పెట్టి చూశారా? వేడిగా ఉంటుంది. గాలిని గట్టిగా నొక్కితే వేడెక్కుతుంది. లారీ ఇంజను పని చేసేది ఈ వేడితోనే. పదహారు, పదిహేడు వంతుల గాలిని ఒక్క వంతు చోటులోకి నొక్కుతుంది. ఆ గాలి నిప్పులాగా కాగుతుంది. అప్పుడు నాజిల్ నుంచి డీజిల్ సన్నటి తుంపరగా పడుతుంది. భగ్గున మండుతుంది. అగ్గిపుల్ల అక్కర లేదు. జర్మనీ దేశంలో రుడాల్ఫ్ డీజిల్ అనే ఆయన 1897లో ఇలాంటి ఇంజను నడిపి చూపించాడు. ఆయన పేరే మనం నూనెకు పెట్టుకున్నాం! మన దేశంలో టాటా కంపెనీ 1954లో జర్మనీ బెంజ్ కంపెనీతో కలిసి లారీలు చేయడం మొదలుపెట్టింది. అప్పటి లారీల ముందు బెంజ్ నక్షత్రం గుర్తు ఉండేది.

అంటే ఇంజను లేవాలంటే మూడు కావాలి. ఇంజను జోరుగా తిరగాలి. గాలి అందాలి. డీజిల్ అందాలి.

ముందు చెవి పెట్టి వినండి. సెల్ఫ్ కొడితే అసలు చప్పుడే లేదా? లేకపోతే "టిక్, టిక్" అని ఆగుతుందా? అయితే తప్పు బ్యాటరీ దిక్కు ఉంటుంది. లైటు వేసి చూడండి. హారన్ కొట్టి చూడండి. లైటు గుడ్డిగా ఉంటే బ్యాటరీ దిగిపోయింది. లైటు బాగానే ఉండి సెల్ఫ్ తిరగకపోతే తీగలు చూడాలి. బ్యాటరీ కొనల మీద తెల్లగా, పచ్చగా బూజులాంటిది పేరుకుంటుంది. అది కరెంటును పోనివ్వదు. వేడినీళ్లు పోసి, గుడ్డతో తుడిచి, గట్టిగా బిగిస్తే చాలాసార్లు అదే సరిపోతుంది. ఆ బూజు చేతులకు తగలనివ్వకండి, మంట పుడుతుంది. బ్యాటరీ మీద + గుర్తు, - గుర్తు ఉంటాయి. మనం లెక్కల్లో నేర్చుకున్న గుర్తులే. తీగ విప్పేటప్పుడు ముందు - దిక్కుది విప్పాలి. బిగించేటప్పుడు దాన్ని చివర బిగించాలి. బ్యాటరీ దగ్గర బీడీ ముట్టించవద్దు. దానిలో నుంచి వచ్చే గాలి అంటుకొని పేలుతుంది.

ఇంజను బాగానే తిరుగుతుంది, కానీ లేవదు. అప్పుడు వెనక్కి పోయి పొగగొట్టం చూడండి. ఒకరు సెల్ఫ్ కొడితే ఇంకొకరు చూడాలి. తెల్లపొగ వస్తే డీజిల్ లోపలికి పోతుంది, కానీ మండడం లేదు. చలికి అయినా కావచ్చు, ఇంజను అరిగిపోయి గాలిని సరిగా నొక్కక అయినా కావచ్చు. అరిగిన ఇంజను అయితే అది మెకానిక్ పనే. అసలు పొగే రాకపోతే డీజిల్ అందడం లేదు.

డీజిల్ ఎందుకు అందదు? టాంకు ఖాళీ కావచ్చు. నవ్వకండి, ఇది చాలామందికి జరుగుతుంది. పాత లారీని ఆపడానికి ఒక స్టాప్ వైరు లాగుతారు. అది లోపలికి పోకుండా ఇరుక్కుంటే డీజిల్ రాదు. ఫిల్టరులో మట్టి పట్టవచ్చు. డీజిల్‌లో నీళ్లు కలవవచ్చు. ఇవేవీ కాకపోతే, పైపులో గాలి చేరి ఉంటుంది. పంపు డీజిల్‌ను నెట్టబోతే మధ్యలో ఆ గాలి నలుగుతుంది. డీజిల్ ముందుకు పోదు.

ఇప్పుడు మళ్లీ కళ్లం కాడికి పోదాం.

"రాత్రి బండి దానంతటదే ఆగిపాయె. టాంకు ఖాళీ. పొద్దున డబ్బాతో పోసిన" అన్నాడు ఆయన.

"మరి గాలి తీసినవా?"

ఆయన నాలుక కరుచుకున్నాడు. టాంకు ఒట్టిపోయినప్పుడు పైపులోకి గాలి వచ్చింది. పైన డీజిల్ పోసినా ఆ గాలి పోదు.

డీజిల్ ఫిల్టరు మీద ఒక చిన్న స్క్రూ ఉంటుంది. ఆయన దాన్ని కొంచెం వదులు చేశాడు. అక్క చేతిపంపు నొక్కింది. నురుగు, బుడగలు వచ్చాయి. నొక్కుతూనే ఉంది. బుడగలు ఆగి డీజిల్ ధారగా వచ్చింది. అప్పుడు స్క్రూ బిగించాడు. ఇక్కడ ఒక జాగ్రత్త. ఇంజను తిరుగుతుండగా నాజిల్ పైపుల దగ్గర చెయ్యి పెట్టకూడదు. ఆ తుంపర సూదిలాగా చర్మంలోకి దిగుతుంది. పైకి చిన్న చుక్కే కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. కొంగు నడుముకు బిగించి కట్టాలి. ఫ్యాను లాగితే ప్రాణం పోతుంది.

గాలి పోయింది. కానీ బ్యాటరీ అప్పటికే దిగిపోయింది. సెల్ఫ్ పది లెక్కపెట్టేంత సేపే కొట్టాలి. ఆ తర్వాత ఒక నిమిషం ఆగాలి. ఆయన ఆగలేదు కదా! ఇగ పక్కనున్న ట్రాక్టరుకు గొలుసు కట్టారు. తాళం వేసి, రెండో గేరులో పెట్టి, క్లచ్ తొక్కి కూర్చున్నాడు. లారీ కదిలినాక క్లచ్ వదిలాడు. చక్రాలు ఇంజనును తిప్పాయి. గుప్పున పొగ వచ్చింది. బండి లేచింది.

ఈ తీరు పాత బండ్లకే. 2020 తర్వాత వచ్చిన కొత్త లారీలను కంప్యూటరు నడుపుతుంది. వాటిని ఇలా లాగవద్దు, మెకానిక్‌కే చూపించాలి.

చినుకులు మొదలయ్యేసరికి లారీ రోడ్డెక్కింది. వెనక వరుస బస్తాలు కొన్ని తడిశాయి. మిల్లు దాకా ఎక్కడా ఇంజను ఆపలేదు. చాయ్ కూడా ఒకరి తర్వాత ఒకరు దిగి తాగారు. బ్యాటరీ మళ్లీ ఎక్కాలి కదా!