వెన్నుపాము దెబ్బతిన్నవారిని ఏండ్లతరబడి వెంటాడు ఉపద్రవములు

కుందుర్పివంటి మెట్టసీమలో చింతకాయ దులుపుటకు చెట్టెక్కినవారును, బావిలో పూడిక తీయువారును జారిపడినచో వెన్నెముకతోపాటు లోని వెన్నుపామును నలుగవచ్చును. కాళ్ళు పడిపోవుటయే అన్నిటికంటె పెద్ద కష్టమని మనము తలంతుము. కాని ఏండ్లు గడచిన కొలది ప్రాణమునకు ముప్పు తెచ్చునవి ఒత్తిడి పుండ్లును, మూత్రసంబంధమైన తెగుళ్ళును. ఇవి చాలవఱకు నివారింపదగినవే.

1944లో ఇంగ్లండునందలి స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గట్‌మన్ అను వైద్యుడు రోగులను రేయింబవళ్ళు రెండుగంటల కొకమారు ప్రక్క మార్పించి, మూత్రకోశమును శుభ్రముగా కాపాడించి, ఆశ వదలుకొన్నవారిని పెక్కుమందిని బ్రదికించెను. మన సీమవారు వైద్యమునకు పోవు వేలూరిలో, 1954లో కారు ప్రమాదమువలన నడుము క్రిందిభాగము చచ్చుపడిన డాక్టరు మేరీ వర్గీసు, చక్రాల కుర్చీయందు కూర్చుండియే శస్త్రచికిత్సలు చేసిరి. 1966లో అచట ఇట్టివారికై వెలసిన సంస్థ ఆమె కృషిఫలము.

ఇక ఎవరికి అపాయ మెక్కువ? స్పర్శ బొత్తిగా లేనివారికి, కదలక పడియుండువారికి, పక్క తడిసియుండువారికి, చిక్కి శల్యమైనవారికి, పొగ త్రాగువారికి పుండ్లు త్వరగా పడును. ఒకమారు పడిన చోట మరల పడును. ఎండకు కాగిన బండపై కూర్చుండబెట్టినచో చర్మము కాలినను వారికి తెలియదు. దినమున కొకసారియైనను పిఱుదులు, మడమలు పరీక్షింపవలయును. ఎఱుపు కనబడిన చోట బరువు మోపరాదు. పప్పు, గ్రుడ్లు, వేరుసెనగ మొదలగు బలమైన ఆహార మీయవలయును.

మూత్రము పూర్తిగా వెడలక నిలిచినను, గొట్టము ఎల్లకాలము లోపలనే యుండినను తెగుళ్ళు పుట్టి మూత్రపిండములు చెడును. వైద్యుని వద్ద నేర్చుకొని, చేతులు కడుగుకొని, నాలుగైదు గంటల కొకసారి గొట్టముతో మూత్రము తీసివేయుట మేలు. గొట్టమునకు వెఱచి నీరు త్రాగుట మానుట, మన వేసవిలో, మిక్కిలి ప్రమాదకరము.

దెబ్బ మెడకును వీపు పైభాగమునకును తగిలినవారికి మఱియొక గండము కలదు. తటాలున తీవ్రమైన తలనొప్పి, ముఖమున చెమట కలిగినచో రక్తపుపోటు పెరిగినదని యెంచి, వెంటనే లేవనెత్తి కూర్చుండబెట్టి, బిగుతుబట్టలు సడలించి, గొట్టము మడతపడెనేమో చూచి, వైద్యుని పిలువవలయును.

ఇంటివా రొక్కరే ఈ సేవ చేసిన అలసిపోవుదురు. అలసట వచ్చినచోటనే అశ్రద్ధ ప్రవేశించును. నూర్పిళ్ళకు ఒకరికొకరు తోడగు మన సభ్యులు, అట్టి యింటికి వంతులవారీగా ఒక పూట సాయము చేయుదురుగాక. అదియు సహకారమే.