మీకు తెలుసా? నాలుగుమార్లు శాసనసభ్యుడు

సత్తెనపల్లిలో 1906లో జన్మించి, స్వాతంత్ర్యోద్యమమున కారాగారవాసమనుభవించిన వావిలాల గోపాలకృష్ణయ్యగారు, 1952లో నాటి మద్రాసు శాసనసభకును, పిమ్మట 1955, 1962, 1967 ఎన్నికలలో తెలుగువారి శాసనసభకును, ఆ సత్తెనపల్లి నియోజకవర్గమునుండియే యెన్నికైరి. మంత్రిపదవి నెన్నడును చేపట్టని యీ గాంధేయవాది, మోటు ఖద్దరు ధరించి, భుజమున గుడ్డసంచి తగిలించుకొని సామాన్యునివలె సంచరించుచు, నందికొండకడ కృష్ణకు ఆనకట్ట కట్టవలెనని పట్టుపట్టిన వారిలో అగ్రగణ్యులైరి. నేటి నాగార్జునసాగరము ఆ నందికొండ పథకమే.

శాసనసభ్యత్వము ముగిసిన పిదప వారికి లభించిన బాధ్యత, నా దృష్టిలో, అంతకంటె కఠినమైనది: 1974లో అధికార భాషా సంఘమునకు అధ్యక్షులై, ఆంగ్లమునకు అలవాటుపడిన కచేరీ దస్త్రములను తెలుగునకు మరల్చు యత్నమునకు పూనుకొనిరి. 1992లో పద్మభూషణ్ పురస్కారము నందుకొని, 2003లో దివంగతులైరి.